మూడు పసుపు కుట్లు

ఆ మాట కొట్టెయ్యవే మనవరాలా. నేను తడిసింది అంటే నువ్వు కారింది అని రాశావు. రెండూ ఒకటే కదా తాతా అంటావు. కాదమ్మా. జాకెట్టు తడవడం వేరు, కారడం వేరు. ఆ తేడా చెప్పడమే నలభై ఏళ్ళు నా పని. ఇంకో కాగితం తీసుకో. నేను ఎలాగూ నెమ్మదిగానే చెప్తాను. నీ చెయ్యి లాగితే ఆగుదాం.

నువ్వప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నావు. నాకు కుడి కంటికి ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు సూది పట్టుకోవద్దు, వేడి దగ్గర కూర్చోవద్దు, వంగొద్దు అన్నాడు డాక్టరు. పదహారో రోజు పొద్దున నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మోతసంఘం గోదాముకి వెళ్ళాను. దాని వెనక గది నాది. కొండ ఎక్కడానికి వచ్చేవాళ్ళ సామాను మోసే పన్నెండు మందికి జాకెట్లు బాగుచెయ్యడం, కొత్తవి కొనేముందు పరీక్ష చెయ్యడం నా పని. ఎండాకాలం వస్తే కొండమీద మంచు కరిగి దారి తెరుచుకుంటుంది. పొద్దున మాడ్చే ఎండ, మధ్యాహ్నం దాటిందంటే చెప్పాపెట్టకుండా వాన. బరువు జాకెట్టుతో ఆ ఎండలో ఎక్కలేరు, జాకెట్టు లేకుండా ఆ వానలో నిలవలేరు. మోతగాడికి కావలసింది మడిస్తే పిడికిట్లో పట్టాలి, తొడిగితే చుక్క లోపలికి రాకూడదు. రెండూ ఉన్నది దొరకడమే కష్టం. తేలికదైతే కారుతుంది, కారనిదైతే భుజాలు పీకుతాయి.

నా గదిలో ఏది ఎక్కడుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్తాను. కిటికీ కింద బల్ల, బల్లమీద కుట్లకి టేపు అంటించే చిన్న ఇస్త్రీపెట్టె, మూల జిగురు కరిగించే పొయ్యి, దూలానికి రెండు కొక్కేలు. తలుపు పక్కన కొయ్య మొండెం ఒకటి. తలా చేతులూ లేవు, భుజాలు మాత్రం ఉన్నాయి. మోతగాళ్ళు దానికి బావ అని పేరు పెట్టారు. నేను మనుషులతోకన్నా బావతోనే ఎక్కువ మాట్లాడతానని వాళ్ళ వెక్కిరింత. కొత్త జాకెట్టు ఏది వచ్చినా ముందు బావకి తొడిగి, పాతిక కిలోల మూట తగిలించి, మూట పట్టీల్ని భుజాలమీద రెండు వందలసార్లు అటూ ఇటూ లాగేవాణ్ణి. తేలిక జాకెట్టు చచ్చేది భుజం దగ్గరే. ఆ తర్వాతే నీళ్ళు. నెగ్గిందనుకో, మెడ వెనక కొక్కేనికి తగిలించే చిన్న పట్టీ ఉంటుంది చూడు, దానిమీద పసుపు దారంతో మూడు కుట్లు వేసేవాణ్ణి. పట్టీమీదే, బట్టమీద కాదు. వాన ఆపే బట్టలో సూది దిగితే అది కన్నమే. ఆ మూడు కుట్లు కనిపిస్తే మోతగాళ్ళు ఇంకేమీ అడగరు. మూటలో పడేసుకుని ఎక్కేస్తారు.

ఆ పొద్దున బల్ల దుమ్ము తుడుస్తుంటే ఉడుత వచ్చింది. ఆ పిల్లకి అదే మొదటి సీజను. రాళ్ళమీద చకచకా పాకేస్తుందని ఆ పేరు. ముందురోజు పై బస దాకా సామాను మోసి, అప్పుడే కిందికి దిగింది. పెదాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"వచ్చావా మామయ్యా. కన్ను బాగుందా?"

"కన్ను బాగానే ఉంది. నీ మొహమే బాలేదు."

"ఎలా బావుంటుంది. నీ జాకెట్టు కారింది." నీలం జాకెట్టొకటి తీసి బల్లమీద పెట్టింది. "కనుమ దగ్గర వాన పట్టుకుంది. పై బసకి చేరేసరికి వీపు, చేతులు అన్నీ నీళ్ళే. రాత్రంతా పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. పొయ్యి పక్కన నన్ను అప్పడంలా తిప్పి తిప్పి కాచారు. నువ్వు చూశావన్న నమ్మకంతోనే కదా మా పిన్ని ఇచ్చిన పాతది ఇంట్లో వదిలి వెళ్ళాను?"

నేను చూశానట. ఆ జాకెట్టుని నేను అంతకుముందు కళ్ళతో చూడలేదు, చేత్తో ముట్టుకోలేదు. పైకెత్తితే చేతిలో ఉందో లేదో తెలియలేదు. మెడ వెనక పట్టీ తిప్పాను. మూడు పసుపు కుట్లు.

"ఇదెవరిచ్చారే నీకు?"

"ఇంకెవరు, అక్క. పన్నెండు మందికీ ఇచ్చింది. మార్కు ఉంది చూసుకోండి అంది. ఏం మామయ్యా, అలా చూస్తున్నావు?"

అక్క అంటే మీ అత్తే. గోదాము తాళాలు అప్పుడు దాని చేతిలోనే ఉండేవి. నేను బాగున్న కన్ను దగ్గరికి తెచ్చుకుని చూశాను. కుట్లు పట్టీమీదే పడ్డాయి, బట్టలోకి ఒక్క పోటు కూడా దిగలేదు. ముడి మెడకి గీసుకోకుండా పట్టీ మడతలోకి దూర్చి ఉంది. మూడో కుట్టు నాది కాస్త వంకరగా పడుతుంది, ఇక్కడా అంతే వంకర. బయటివాడైతే బట్టలో గుచ్చేవాడు. ముడి పైకే వదిలేసేవాడు. ఇంత సరిగ్గా వెయ్యడం ఈ లోకంలో నా తర్వాత ఒక్కరికే వచ్చు. పదేళ్ళ వయసులో దాన్ని ఈ బల్లమీదే కూర్చోబెట్టి నేనే నేర్పాను.

"కన్ను ఇంకా కుదురుకోలేదు. ఇక్కడ వదిలివెళ్ళు, చూస్తాను," అన్నాను.

*

ఇంటికి వచ్చేసరికి మీ నానమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏమే, నేను కట్టు కట్టుకుని పడుకున్నప్పుడు నా దారం డబ్బా ఎవరు తీశారు?"

"పెళ్ళానికి కూడా కళ్ళున్నాయని ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది, తల ఎత్తకుండా. "నీ కూతురే తీసింది. మూడు మధ్యాహ్నాలు ఆ గుమ్మంలో కూర్చుని కుట్టింది. నువ్వు ఇదిగో, ఈ మంచంమీదే ఉన్నావు."

"నాకొక మాట చెప్పలేదేం?"

"నీ పని నీ కూతురు చేస్తోంది. నువ్వే చెప్పుంటావనుకున్నాను. అయినా దారం తెంపే చప్పుడు నీకు వినపడలేదా?"

వినపడింది. ఏం కుడుతున్నావమ్మా అని అడిగాను కూడా. ఏవో పాతబట్టల్లే నాన్నా, నువ్వు పడుకో అంది. రోజుకి మూడుసార్లు నా కంట్లో మందు వేసేది అదే. నా గడ్డం కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, చుక్క పడగానే కన్ను మూసుకో నాన్నా, పది నిమిషాలు తెరవకు అనేది. నేను తెరిచేవాణ్ణి కాదు. ఆ మూసుకున్న కంటిముందే కూర్చుని, ఆ చేత్తోనే, నా సూదితో నా మార్కు వేసుకుంది. తలుపు పగలగొట్టి ఎత్తుకుపోయినవాడిని తిట్టుకోవచ్చు. మందు వేసిన చేతిని ఏమని తిట్టుకోను?

సాయంత్రం భోజనానికి కూర్చున్నాం. నేనే కదిపాను.

"ఉడుత జాకెట్టు తెచ్చిచ్చింది."

మీ అత్త వడ్డిస్తున్నదల్లా ఆగింది. "కారిందని చెప్పిందా?"

"నీకెవరు చెప్పారు?"

"అది కొండ దిగుతూ కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూనే వచ్చింది."

"మార్కు ఎవరు వేశారు?"

"నేనే నాన్నా."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బుకాయిస్తే గట్టిగా అరుద్దామని కాచుకుని ఉన్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు నాకు.

"ఎందుకు వేశావు?"

"నువ్వు చూస్తే వద్దంటావని." గరిటె గిన్నెలో పెట్టి ఎదురుగా కూర్చుంది. "మూడేళ్ళలో నాలుగు తెచ్చాను. ఒక్కదాన్నీ బావకి తొడగలేదు నువ్వు. చేత్తో ఎత్తి చూసి, బరువు లేదు, ఇదేం ఆపుతుంది అని పక్కన పడేశావు. వాళ్ళేమో ఆ పాత జాకెట్లు మోయలేక మూట అడుగున కుక్కేసి, వానలో తీసే ఓపిక లేక తడుస్తున్నారు. దారి తెరిచారు. నీ కట్టు విప్పేదాకా ఆగితే సీజను సగం పోయేది."

"నీళ్ళు పోశావా?"

"పోశాను. బావకీ తొడిగాను. రెండు వందలు కాదు, నాలుగు వందలు లాగాను."

"మరి నీ మార్కు నువ్వు వేసుకోవలసింది. నాదెందుకు?"

"నా మార్కు ఎవరు నమ్ముతారు నాన్నా?"

ఆ మాట నిజమే. నిజమని కోపం ఇంకా పెరిగింది.

"తండ్రీకూతుళ్ళకి జాకెట్టు తప్ప వేరే లోకం లేదు. అన్నం చల్లారుతోంది," అంది మీ నానమ్మ.

"ఎల్లుండి సంఘంలో అందరినీ పిలిచారు," అంది మీ అత్త లేస్తూ. "రేపు నువ్వే చూడు. కారిందంటే పన్నెండూ నేనే కట్టి వెనక్కి పంపేస్తాను. నువ్వెలా చెప్తే అలాగే." పడుకునేముందు మందు సీసా తెచ్చింది. నేనే వేసుకుంటానన్నాను. సగం చెంపమీదే పోయింది. అది గుమ్మంలో నిలబడి చూసి, సీసా మూత పెట్టి వెళ్ళిపోయింది.

*

మర్నాడు గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాను. నిజం చెప్తున్నానే మనవరాలా, ఆ జాకెట్టు కారాలని కోరుకున్నాను. నలభై ఏళ్ళలో అలా కోరుకుని నీళ్ళు పోసింది అదొక్కసారే.

ముందు తూచాను. పావుకిలో కూడా లేదు. బావకి తొడిగి మూట తగిలించాను. రెండు వందలు లాగాను, తర్వాత మీ అత్త మాట గుర్తొచ్చి ఇంకో రెండు వందలు లాగాను.  చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఆ తర్వాత జాకెట్టు ఒక చేతి చివర రబ్బరుతో బిగించి, చెయ్యి నిండా నీళ్ళు పోసి, కొక్కేనికి వేలాడదీశాను. కింద పాత పేపరు పరిచాను. పేపరుమీద మచ్చ పడితే జాకెట్టు పోయినట్టే. గంటసేపు ఆగాలి.

ఆ గంటలో ఊరికే కూర్చోలేక మిగతావి చూశాను. హెల్మెట్టు పెట్టుకుని, వేలాడుతున్న జాకెట్టు టోపీలోకే తల దూర్చాను. నువ్వు నవ్వకు. హెల్మెట్టుమీదుగా పట్టింది. తల పక్కకి తిప్పితే టోపీ కూడా తిరిగింది. చాలా జాకెట్లలో తల తిరుగుతుంది, టోపీ తిరగదు, కంటికి అడ్డం వస్తుంది. రాయిమీద అడుగు వేసేటప్పుడు కంటికి బట్ట అడ్డం వస్తే మనిషి పోతాడు. జేబులు నడుం పట్టీకి పైన ఉన్నాయి, మూట బిగించాక కూడా చెయ్యి దూరుతుంది. టేపు సన్నగా వేలెడే ఉంది, అయినా చంక దగ్గర నాలుగు కుట్లు కలిసేచోట గోరుతో గీకినా లేవలేదు. ఒక్కొక్కటి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇవన్నీ నేను ఎప్పుడో ఒకప్పుడు మీ అత్తతో అన్న మాటలే. జేబు కిందికి ఉంటే జేబు లేనట్టే అన్నాను. టోపీ తలతోపాటు తిరగాలి అన్నాను. అది ఒక్కటీ మర్చిపోలేదు. నేను చెప్పినవన్నీ ఉన్నదాన్ని ఎక్కడెక్కడో వెతికి పట్టుకుంది. నాకు చూపించకుండా.

గంట అయింది. డాక్టరు వంగొద్దన్నా వంగాను. పేపరు పొడిగా ఉంది.

భుజం బట్టని గిన్నె మూతికి బిగించి కట్టి, గిన్నెలో నీళ్ళతో బోర్లించాను. బొటనవేలితో కింద నుంచి నొక్కాను. పొడి. రెండో భుజం. పొడి. కుట్టు మీద. పొడి.

మరి ఉడుత ఎందుకు తడిసింది? నీళ్ళు పొయ్యని రెండో చేతిని లోపలి వైపుకి తిప్పి నాలుకతో తాకాను. ఉప్పగా ఉంది. వాననీళ్ళలో ఉప్పుండదు. చంకల కింద గాలి కోసం పెట్టిన జిప్పులు చూశాను. ఫ్యాక్టరీవాళ్ళు జిప్పు కొనకి కట్టిన సన్న దారం రెండువైపులా తెగకుండా అలాగే ఉంది. అంటే ఆ పిల్ల వాటిని తెరవనే లేదు. పాతిక కిలోలు మోస్తూ, అన్నీ బిగించుకుని కనుమ ఎక్కితే ఏ జాకెట్టైనా లోపల వాన కురుస్తుంది. జాకెట్టు కారలేదు. మనిషి చెమటకి తడిసింది.

ఎక్కేటప్పుడు జిప్పులు తెరవాలని పాతవాళ్ళకి తెలుసు. ఉడుతతోపాటు ఎక్కిన ఇద్దరూ పాతవాళ్ళే, వాళ్ళ జాకెట్లు కారాయని అనలేదు. కొత్తవాళ్ళకి నేను చెప్పేవాణ్ణి. మార్కు వేసిన జాకెట్టు చేతికిస్తూ, ఎక్కేటప్పుడు జిప్పు తెరువు, ఆగినప్పుడు ముయ్యి, సబ్బుతో ఉతక్కు అని ఒక్కొక్కరికీ చెప్పి, వాళ్ళ చేత చెప్పించి గాని వదిలేవాణ్ణి కాదు. మీ అత్త నా కుట్లు వేసింది గాని, దొంగతనంగా వేసింది కాబట్టి నేను నిలబడి చెప్పే మాటలు చెప్పలేకపోయింది. తడబడి, మార్కు చూసుకోండి అని పంచేసింది. దాని తప్పు అంతే.

సూది తీశాను. భుజం కుట్టు పక్కన ఒక్క పోటు చాలు, ఎవరికీ కనపడదు. సూది మొన బట్టకి ఆనించి ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. చివరికి డబ్బాలో పెట్టేశాను. అంత పాపం చెయ్యలేదు. కింద పరిచిన పేపరు తీసి మడిచి జిగురు పొయ్యిలో పెట్టాను. పొడి పేపరు కదా, పెట్టగానే అంటుకుంది.

*

సంఘంవాళ్ళు గోదాము ముందు వాకిట్లో కూర్చున్నారు. పన్నెండు మందీ, సంఘం పెద్దా. ఆయన వయసులో నాకన్నా చిన్న, నన్ను అన్నా అనేవాడు. మళ్ళీ రెండు గంటల్లో సామాను ఎత్తాలి, ఏ జాకెట్టుతో వెళ్ళాలో తేల్చాలి.

"అమ్మాయీ, మీ నాన్న గదిలో ఉందట ఆ జాకెట్టు, పట్రా," అన్నాడు.

మీ అత్త వెళ్ళింది. గదిలో ఏం వదిలి వచ్చానో నాకప్పుడు గుర్తొచ్చింది. జాకెట్టులోని నీళ్ళు వంపినప్పుడు ఒలికి కొక్కెం కింద నేల ఇంకా తడిగానే ఉంది. బావమీద మూట అలాగే వేలాడుతోంది. జాకెట్టు చెయ్యి చివర రబ్బరు అచ్చు పోలేదు. వచ్చేటప్పుడు దాని నడక మారింది. మొహం విచ్చుకుంది. నేను నీళ్ళు పోశానని దానికి తెలిసిపోయింది. పోస్తే ఏం తేలుతుందో కూడా దానికి తెలుసు. చిన్నప్పుడు నేను లెక్కపెడుతుంటే వచ్చి పక్కన నిలబడేది, సరిగ్గా అలాగే వచ్చి నా పక్కన నిలబడింది.

"నాకైతే కారలేదండీ," అన్నాడు వెనకనుంచి నత్త. పాతికేళ్ళుగా మోస్తున్నవాడు.

"నీకేం కారుతుంది. నువ్వెక్కే వేగానికి చెమట కూడా పట్టదు," అంది ఉడుత. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఉన్న నిజం ఆ వాకిట్లో నాకూ మీ అత్తకే తెలుసు.

"అన్నా, ఒక్క మాట చెప్పు," అన్నాడు పెద్ద. "ఈ మార్కు నీదేనా?"

"నాది కాదు," అన్నాను.

అది నిజమే కదా.  ఉడుత మీ అత్త వైపు చూసింది. ఒక్కొక్కరూ చూశారు. మీ అత్త మాత్రం నా వైపే చూస్తోంది, ఇంకో మాట కోసం. నేను ఎప్పుడూ రెండు మాటలు చెప్పేవాణ్ణి, ముందు మార్కు సంగతి, తర్వాత వస్తువు సంగతి. రెండో మాట రాలేదు.

"నాన్నా," అంది మెల్లగా. "నీళ్ళు పోశావా?"

నల్ల కళ్ళద్దాలు ఉండడం ఎంత మంచిదో ఆ పూట తెలిసింది.

"నా మార్కు కానిదానికి నేను నీళ్ళు పొయ్యను."

ఆ మాట ఎంత గంభీరంగా వచ్చిందో. ఒకరిద్దరు తల కూడా ఊపారు. మీ అత్త చేతిలో జాకెట్టు ఉంది. అది తల వంచి, ఆ చెయ్యి చివర పట్టుకుని రెండు వేళ్ళతో పిండింది. మడతలో మిగిలిన నీళ్ళు, రెండు చుక్కలు, దాని కాలి పక్కన మట్టిలో పడ్డాయి. నేను చూశాను. నేను చూసినట్టు అది చూసింది. ఆ జాకెట్టు పైకెత్తి, ఇదిగో నిన్న నీళ్ళు పోశాడు చూడండి అంటే నా నలభై ఏళ్ళ మార్కు అక్కడే తెగిపోయేది. అనలేదు. నడుముకున్న తాళాల గుత్తి తీసి పెద్ద ముందు పెట్టి, "పదకొండూ కట్టి వెనక్కి పంపేయండి. ఇది నాన్న గదిలో పెట్టేస్తాను," అంది. వెళ్ళి దాన్ని బావకి తొడిగి, గుండీలు, జిప్పులు అన్నీ పెట్టి మరీ వెళ్ళిపోయింది.

నాలుగో రోజు బస్సెక్కింది. రేవు ఊళ్ళో పడవలకి తెరచాపలు కుట్టేచోట పని దొరికిందంది. మీ నానమ్మ సంచి సర్దుతూ, "నువ్వొక్క మాట అంటే ఆగుతుంది," అంది. నాకు ద్రోహం చేసిందే అది, నేనెందుకనాలి అన్నాను. బస్సు దగ్గరికి వెళ్ళలేదు.

ఆ వారంలోనే ఉడుత మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళ పిన్ని ఇచ్చిన పాత బరువు జాకెట్టు, నా సొంత చేత్తో మార్కు వేసినది, తెచ్చి అదే బల్లమీద పెట్టింది.

"ఇదీ కారింది మామయ్యా."

"ఎక్కేటప్పుడు చంకల కింద జిప్పులు తియ్యాలే. అది చెమట."

ఉడుత జిప్పు ఒకసారి తీసి, ఒకసారి పెట్టి చూసింది. "మరి ఆ నీలందానికి కూడా ఉన్నాయి కదా ఇవి?"

నేను ఇస్త్రీపెట్టె వేడి చూస్తున్నట్టు అటు తిరిగాను. అది జాకెట్టు మడిచి, బావ వైపు ఒకసారి చూసి వెళ్ళింది. ఆ తర్వాత సీజనంతా చిరుగులకి వేరేచోటికి వెళ్ళింది. 

పదమూడేళ్ళయింది. మీ అత్త వారానికి ఒకసారి ఫోన్ చేస్తుంది. నేను తీస్తే, ఆరోగ్యం బాగుందా నాన్నా, అమ్మకివ్వు అంటుంది. అంతే. కోపంగా కూడా అనదు. ఆ రోజు సంగతి దాని నోటివెంట ఇంతవరకు ఎవరి దగ్గరా రాలేదు, మీ నానమ్మ దగ్గర కూడా. నా మార్కు అది దొంగిలించిందని నేను ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. ఆ మార్కుని ఇన్నేళ్ళూ కాపాడింది కూడా అదే.

ఆ జాకెట్టు ఇంకా ఉంది, నా మంచం కింద పెట్టెలో. కుట్లు విప్పలేదు. విప్పుదామని రెండుసార్లు కత్తెర తీశాను. ఆ పట్టీమీద ఇంకో మూడు కుట్లకి చోటుంది. నాది పక్కన వెయ్యమంటుందో వద్దంటుందో మీ అత్తని అడుగు. వెయ్యమంటే సూదిలో దారం నువ్వే ఎక్కించాలి, నాకు కన్నం ఆనడం లేదు.

ఈసారి ఫోన్ మోగితే నేను తియ్యను, నువ్వు తియ్యి. మీ నానమ్మకి ఇచ్చేముందు ఇది మీ అత్తకి చదువు. ఏ మాటా దిద్దకు, నేను చెప్పినట్టే చదువు. మధ్యలో పెట్టేస్తే మళ్ళీ చేసి, ఆపిన చోటినుంచి చదువు. నీళ్ళు పోశాను, కారలేదు అన్న ముక్క మాత్రం రెండుసార్లు చదువు.